జనసంగం: యోగా, పిలాటీస్‌ల ఉమ్మడి కథ

హఠయోగప్రదీపికలో యోగాన్ని చెడగొట్టే విషయాల జాబితా ఒకటుంది. అవి ఆరు. అతిగా తినడం, అతిగా శ్రమపడటం, వాగుడు, నియమాలు పట్టుకుని వేలాడటం, చపలత్వం. ఇవి అయిదు. మిగిలింది జనసంగం, అంటే పదిమందితో కలిసిమెలిసి తిరగడం. పదిహేనో శతాబ్దంలో ఆ గ్రంథం రాసిన స్వాత్మారాముడు సాధకుడి ఇల్లు ఎలా ఉండాలో కూడా చెప్పాడు. చిన్న కుటీరం, చిన్న వాకిలి, కిటికీ అసలే ఉండకూడదు. చుట్టూ ఒక విల్లు పొడవు మేర రాయి, నిప్పు, నీరు లేని చోటు కావాలి. యోగి అంటే ఇల్లూ ఊరూ విడిచినవాడు అని మన మనసుల్లో ఉన్న బొమ్మ కూడా ఇదే.

ఇక ఇవాళ్టి సంగతి చూడండి. హైదరాబాదులోనో విశాఖలోనో యోగా క్లాసులో కొత్తగా చేరినవాళ్ళని ఎందుకని అడిగితే నడుంనొప్పి అంటారు, నిద్ర పట్టడం లేదంటారు, డాక్టరు చెప్పాడంటారు. అదే మనిషిని రెండేళ్ళ తర్వాత, ఇంకా ఎందుకు వెళ్తున్నారని అడగండి. నొప్పి సంగతి పక్కకి పోతుంది. “అక్కడ మావాళ్ళున్నారు” అనో, “రెండ్రోజులు వెళ్ళకపోతే ఫోన్లు చేస్తారండీ” అనో అంటారు. పాత గ్రంథం దేన్ని యోగానికి అడ్డం అందో, ఇప్పుడు అదే జనాన్ని యోగాకి కట్టిపడేస్తోంది.

ఈ తిరకాసు ఎప్పుడు జరిగింది? జవాబు వెతుక్కుంటూ వెళ్తే దారిలో ఇంకో పేరు కూడా తగులుతుంది. అది పిలాటీస్. ఇప్పుడు నగరాల్లో రెండూ ఒకే బోర్డు మీద కనిపిస్తాయి. ఒకటి వేల ఏళ్ళనాటిది, రెండోది నిన్నమొన్న సినిమావాళ్ళు తెచ్చిన ఫ్యాషన్ అని మనం అనుకుంటాం. ధ్యానం, ప్రాణాయామం, కొన్ని ఆసనాలు పాతవే, సందేహం లేదు. కానీ ఒక గదిలో పదిమంది వరుసగా చాపలు పరుచుకుని, ఒక టీచరు చెబుతుంటే ఒళ్ళు వంచే పద్ధతి ఉంది చూశారా, అది మాత్రం దాదాపు వందేళ్ళది. పిలాటీస్ వయసూ అంతే. ఈ రెంటి బాల్యం ఒకే కాలంలో, ఒకేలాంటి కష్టాల మధ్య గడిచింది.

ముళ్ళకంచె జబ్బు

మొదటి ప్రపంచయుద్ధం మొదలయ్యేనాటికి ఇంగ్లండులో వేలాదిమంది జర్మన్లు, ఆస్ట్రియన్లు బతుకుతున్నారు. హోటళ్ళలో వెయిటర్లు, క్షురకులు, నావికులు, చిన్న వ్యాపారులు. యుద్ధం రాగానే వీళ్ళంతా ‘శత్రుదేశస్థులు’ అయిపోయారు. యుద్ధానికి పనికొచ్చే వయసున్న మగవాళ్ళని పట్టుకుని శిబిరాల్లో పెట్టారు. అలాంటివాటిల్లో పెద్దది ఐల్ ఆఫ్ మాన్ అనే ద్వీపంలో, పీల్ అనే ఊరి దగ్గరున్న నాకేలో శిబిరం. అయిదువేల మంది కోసం మొదలుపెట్టిన ఆ చోట చివరికి 23 వేలమందికి పైగా ఉన్నారు. చెక్క గుడిసెలు, బురద, చుట్టూ ముళ్ళకంచె. ఎప్పుడు వదులుతారో ఎవరికీ తెలీదు.

అక్కడి బందీల్లో ఒకడు జోసెఫ్ పిలాటీస్. 1883లో జర్మనీలోని మోన్‌చెన్‌గ్లాడ్‌బాక్‌లో పుట్టాడు. చిన్నప్పుడు ఉబ్బసం, రికెట్స్, కీళ్ళవాతంతో జ్వరం. ఆ రోగిష్ఠి ఒంటిని తానే బాగుచేసుకోవాలని పట్టుబట్టి జిమ్నాస్టిక్స్, కుస్తీ, బాక్సింగ్ నేర్చుకున్నాడు. శిబిరంలో తోటి బందీల చేత వ్యాయామం చేయించాడని, లేవలేనివాళ్ళ మంచాలకి స్ప్రింగులు తగిలించి పడుకునే చేతులూ కాళ్ళూ ఆడించేలా చేశాడని, ఇప్పటి పిలాటీస్ యంత్రాలకి ఆ మంచాలే మూలమని చెబుతారు. 1918 ఇన్‌ఫ్లుయెంజా వచ్చినప్పుడు తన దగ్గర వ్యాయామం చేసినవాళ్ళు ఒక్కరూ పోలేదని ఇంకో కథ. ఇవి ఆయనా, ఆయన శిష్యులూ చెప్పుకుంటూ వచ్చిన కథలు. ప్రతి గురువు చుట్టూ ఇలాంటివి కొన్ని పేరుకుంటాయి. వాటిని కథలుగానే తీసుకుందాం.

కానీ ఆ శిబిరాల గురించి కథ కానిది ఒకటుంది. అడాల్ఫ్ లూకాస్ ఫిషర్ అనే స్విట్జర్లాండ్ వైద్యుడు యుద్ధకాలపు శిబిరాలు తిరిగి, బందీల్లో కనిపించిన ఒక మానసిక స్థితి గురించి 1918లో పుస్తకం రాశాడు. దానికి ‘ముళ్ళకంచె జబ్బు’ అని పేరు పెట్టాడు. దేనిమీదా మనసు నిలవదు. చిన్న మాటకే చిరాకు, ఊరికే అటూ ఇటూ తిరగడం, మతిమరుపు, దిగులు, పక్కవాడి మీద అనుమానం. కారణాలుగా ఆయన చెప్పినవాటిలో ముఖ్యమైనవి రెండు. ఒకటి, ఈ నిర్బంధం ఎప్పుడు ముగుస్తుందో తెలియకపోవడం. రెండోది, క్షణం కూడా ఒంటరిగా ఉండే వీలు లేకపోవడం.

ఈ రెండోది జాగ్రత్తగా చూడాలి. నాకేలోలో జనానికి కొదవలేదు, కిక్కిరిసి ఉన్నారు. అయినా మనుషులు లోపల్లోపల కుంగిపోయారు. అంటే మనిషికి చుట్టూ మనుషులుంటే చాలదు. వాళ్ళతో కలిసి చేసే పని ఒకటి ఉండాలి. క్వేకర్ల సహాయ సంఘం తరఫున జేమ్స్ బెయిలీ అనే చేతిపనుల మాస్టారు అక్కడికి వచ్చింది ఇందుకే. వడ్రంగం, బుట్టల అల్లిక వంటి పనుల కోసం వర్క్‌షాపులు పెట్టించాడు. బందీలు నాటకాలు వేశారు, తోటలు పెంచారు, ఒకరికొకరు పాఠాలు చెప్పుకున్నారు. పిలాటీస్ వ్యాయామం కూడా ఈ వరుసలోదే అనిపిస్తుంది. రేపటి మీద ఆశలేని చోట, ఈ పూట పదిమందిమి కలిసి ఊపిరి తీసుకుందాం, వెన్ను నిటారు చేద్దాం అన్నట్టు. తన పద్ధతికి ఆయన పెట్టుకున్న పేరు ‘కంట్రాలజీ’. తన ఒంటిమీద తనకి అదుపు అని. తాళం వేరేవాడి చేతిలో ఉన్న మనిషికి మిగిలే అదుపు అంతే కదా!

1918, ఇటువైపు

అదే ఇన్‌ఫ్లుయెంజా మన దేశంలో కోటిమందికి పైగా ప్రాణాలు తీసింది. 1918 డిసెంబరు 14న కోలారు జిల్లా బెళ్ళూరులో, కన్నడమూ తెలుగూ కలగలిసి వినిపించే ప్రాంతంలో, ఆ జ్వరంతో ఉన్న తల్లికి ఒక బిడ్డ పుట్టాడు. పెద్ద తల, సన్నని కాళ్ళూ చేతులూ. చిన్నతనంలో మలేరియా, టైఫాయిడ్, క్షయ వరసగా పట్టుకున్నాయి. ఆ పిల్లాడే బి.కె.ఎస్. అయ్యంగార్.

ఆయన పుట్టిన పదకొండు రోజులకి, డిసెంబరు 25న, బొంబాయి వెర్సోవా తీరంలో దాదాభాయి నౌరోజీ ఇంట్లో యోగేంద్ర అనే యువకుడు ‘ది యోగా ఇన్‌స్టిట్యూట్’ మొదలుపెట్టాడు. ఒకప్పుడు కుస్తీ పట్టినవాడు. నర్మద ఒడ్డున మాల్సర్‌లో ఉండే పరమహంస మాధవదాసు శిష్యుడు. సన్యాసం తీసుకోకుండా, సంసారుల కోసం యోగా చెప్పడానికి తిరిగొచ్చాడు. అదే గురువుకి మరో శిష్యుడు కువలయానంద. ఈయన 1924లో లోణావళాలో కైవల్యధామం స్థాపించాడు. ఎక్స్‌రేలు, రక్తపోటు కొలిచే పరికరాలు పెట్టి ఆసనాలు వేసేటప్పుడు ఒంట్లో ఏం జరుగుతుందో పరిశీలించి, ‘యోగ మీమాంస’ పత్రికలో ప్రచురించాడు. గుహలోంచి యోగాని ప్రయోగశాలకి, ఆస్పత్రికి తెచ్చింది వీళ్ళిద్దరూ.

అయితే జనసంగం ప్రశ్నకి అసలు మలుపు ఇంకో చోట ఉంది. అది స్కూలు మైదానం. భారతీయులు బలహీనులని, ముఖ్యంగా చదువుకున్నవాళ్ళు పిరికివాళ్ళని తెల్లదొరలు అదేపనిగా అంటున్న రోజులవి. ఆ మాట మన పెద్దల్ని బాగా గుచ్చింది. 1904-05లో కండలవీరుడు యూజిన్ శాండో ఇక్కడికొచ్చి ప్రదర్శనలిస్తే జనం విరగబడి చూశారు. మనకీ ఒక కలియుగ భీముడున్నాడు. శ్రీకాకుళం సీమలోని వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు. గుండెల మీదకి ఏనుగును ఎక్కించుకుని, ఊపిరి బిగబట్టి గొలుసులు తెంచి, సొంత సర్కస్‌తో దేశమంతా తిరిగాడు. తన బలం ప్రాణాయామంలో ఉందని ఆయన చూపిస్తుంటే, యోగాకీ కండబలానికీ చుట్టరికం ఉందని సామాన్యుడికి తోచింది. మద్రాసులో హెచ్.సి. బక్ 1920లో వై.ఎం.సి.ఏ. వ్యాయామ విద్యా కళాశాల పెట్టాక ప్రెసిడెన్సీలో శిక్షణ పొందిన డ్రిల్లు మాస్టార్లు రావడం మొదలైంది. ఔంధ్ సంస్థానాధీశుడు భవన్‌రావ్ పంత్ ప్రతినిధి తన బళ్ళలో సూర్యనమస్కారాలు పెట్టించాడు.

ఈ వాతావరణంలోనే కువలయానంద పెద్ద బృందాల చేత ఆసనాలు వేయించే పద్ధతి రూపొందించాడు. పిల్లలు వరుసల్లో నిలబడతారు, మాస్టారు అంకెలు లెక్కపెడతాడు, అందరూ ఒక్కసారే వంగుతారు. 1930ల్లో దాన్ని పుస్తకంగా తెచ్చినప్పుడు పెట్టిన పేరు ‘యౌగిక సంఘ వ్యాయామం’. యోగం పక్కన సంఘం! స్వాత్మారాముడి జాబితాలోంచి ఒక దోషం చప్పుడు లేకుండా కొట్టివేయబడింది.

మైసూరు గది

1933లో మైసూరు మహారాజు నాలుగో కృష్ణరాజ ఒడెయార్ జగన్మోహన ప్యాలెస్‌లో తిరుమలై కృష్ణమాచార్యకి ఒక యోగశాల ఇచ్చాడు. ఇప్పుడు ప్రపంచం మొత్తం మీద ‘యోగా క్లాసు’ అనగానే గుర్తొచ్చే పద్ధతుల్లో చాలావాటి వేళ్ళు ఆ గదిలోనే ఉన్నాయి. కృష్ణమాచార్య 1934లో కన్నడంలో ‘యోగ మకరంద’ రాశాడు. శిష్యుల్ని వెంటేసుకుని ఊరూరా ప్రదర్శనలిచ్చాడు. ఆయన నేర్పిన గంతులు, మెలికలు, ఒక ఆసనంలోంచి ఇంకోదానిలోకి ఊపిరితో పాటు జారే వరుసలు ఎంతవరకు పాతవి, ఎంతవరకు ప్యాలెస్‌లోని జిమ్నాస్టిక్స్, కుస్తీల నుంచి వచ్చాయి అన్నదాని మీద నార్మన్ స్యోమన్, మార్క్ సింగిల్టన్ లాంటి పరిశోధకులు పుస్తకాలే రాశారు. ఆ వాదన ఇంకా తెగలేదు.

మనకి కావాల్సింది ఆ గదిలోని మనుషుల సంగతి. అక్కని కృష్ణమాచార్యకిచ్చి పెళ్ళి చేయడంతో అయ్యంగార్ 1934లో పదిహేనేళ్ళ వయసులో అక్కడికొచ్చాడు. ఒళ్ళు కర్రలా బిగుసుకుపోయిన పిల్లాడు. బావగారి కోపం, దెబ్బలు, సిద్ధంగా లేని ఆసనాన్ని ప్రదర్శన కోసం అప్పటికప్పుడు వేయించడం, వీటన్నిటి గురించి ఆయన తర్వాత చాలాసార్లు చెప్పుకున్నాడు. ఒక పర్యటనలో ధార్వాడ్‌లో ఆడవాళ్ళు మేమూ నేర్చుకుంటామన్నారు. ఎవరిని పంపాలి? వయసులో చిన్నవాడు కాబట్టి పర్లేదని అయ్యంగార్‌ని పంపారు. ఆ రకంగా ఆయన మొదటి విద్యార్థులు స్త్రీలు. 1937లో పుణె వెళ్ళి అక్కడే స్థిరపడ్డాడు. భాష రాని ఊరు, తనకంటే గట్టి ఒళ్ళున్న కాలేజీ కుర్రాళ్ళు. రోగిష్ఠిగా ఉన్నవాడికి రోగిష్ఠి ఒళ్ళు ఎలా ఉంటుందో తెలుసు. గోడలు, తాళ్ళు, కుర్చీలు, చెక్క దిమ్మలు ఆసరాగా పెట్టి ముసలివాళ్ళు, కీళ్ళనొప్పులవాళ్ళు కూడా ఆసనం వేయగలిగేలా చేశాడు. ఆయన చెక్క దిమ్మా, పిలాటీస్ స్ప్రింగు మంచమూ ఒకే ఆలోచనకి రెండు రూపాలు. బలహీనుణ్ణి గదిలోంచి పంపించేయకు, గదినే అతనికి తగ్గట్టు మార్చు.

మైసూరు గదిలోకి 1937లో ఇంకొకరొచ్చారు. 1899లో రీగాలో పుట్టిన యూజీనీ పీటర్సన్. 1926లో హాలండులోని ఓమెన్‌లో దివ్యజ్ఞాన సమాజం వాళ్ళ సభలో మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి సంస్కృత శ్లోకాలు చదువుతుంటే విని, మరుసటి ఏడు ఇండియా వచ్చేసింది. సినిమాలో వేషం వేసింది, దౌత్యాధికారిని పెళ్ళాడింది. ఆడవాళ్ళకి, అందులోనూ విదేశీయులకి చెప్పనని కృష్ణమాచార్య అంటే మహారాజు చేత సిఫార్సు చేయించుకుంది. ఆమే ఇంద్రాదేవి. 1939లో షాంఘైలో చియాంగ్ కై షేక్ భార్య ఇంట్లో యోగా క్లాసులు నడిపింది. 1947లో హాలీవుడ్‌లో స్టూడియో తెరిచింది. గ్రేటా గార్బో, గ్లోరియా స్వాన్సన్ ఆమె దగ్గర నేర్చుకున్నారు. తర్వాతి కాలంలో పుట్టపర్తి సాయిబాబా భక్తురాలైంది. 2002లో బ్యూనస్ ఎయిర్స్‌లో చనిపోయేనాటికి ఆమెకి 102 ఏళ్ళు. మొదట తలుపు వేసిన గదిలోంచే యోగా ప్రపంచంలోకి వెళ్ళిందన్నమాట, అదీ తలుపు తట్టిన ఒక స్త్రీ చేత.

ఆరు పెన్నీల తరగతి

ఇంద్రాదేవి కంటే చాలా ముందే ఇంకో స్త్రీ మన ఆసనాలు కొన్ని మూటగట్టుకుని వెళ్ళింది. మేరీ బ్యాగట్ స్టాక్ భర్త గూర్ఖా దళంలో అధికారి. 1912 ప్రాంతంలో వాళ్ళు హిమాలయాల దిగువన లాన్స్‌డౌన్‌లో ఉన్నప్పుడు ఆమె అక్కడ కొన్ని ఆసనాలు, విశ్రాంతి పద్ధతులు నేర్చుకుంది. 1914లో భర్త యుద్ధంలో పోయాడు. చంకలో పసిబిడ్డతో లండన్ చేరి వ్యాయామం నేర్పుతూ బతికింది. 1930లో ‘విమెన్స్ లీగ్ ఆఫ్ హెల్త్ అండ్ బ్యూటీ’ స్థాపించింది. తరగతికి ఆరు పెన్నీలు. దుకాణాల్లో పనిచేసే అమ్మాయిలు, టైపిస్టులు, గృహిణులు, పని దిగి నేరుగా రాగలిగే వేళల్లో క్లాసులు. ఆమె 1935లో క్యాన్సర్‌తో చనిపోయింది. ఆ దశాబ్దం ముగిసేలోగా సభ్యుల సంఖ్య లక్షన్నర దాటింది.

ఆ తరగతుల్లో వేసినవి చాలావరకు సాగదీసే వ్యాయామాలు. ఇవాళ్టి యోగా క్లాసులోకి వాళ్ళని తెచ్చి కూర్చోబెడితే పెద్దగా కొత్తనిపించదు. ఇదొక మంచి గుర్తు. పాశ్చాత్య దేశాల్లో యోగా క్లాసు నిండా ఆడవాళ్ళే ఎందుకుంటారంటే, యోగా వెళ్ళేసరికే అక్కడ ఆడవాళ్ళు తమ కోసం అలాంటి గదులు కట్టుకుని ఉన్నారు. మన ఆసనాలు ఆ గదుల్లో చేరాయి.

నాణేనికి రెండోవైపు కూడా చూడాలి. ఆ లీగ్ లక్ష్యాల్లో ‘జాతి ఆరోగ్యం’ అనే మాట ఉండేది. వేలమంది ఒకే దుస్తులు వేసుకుని మైదానంలో ఒక్కసారే చేతులెత్తే దృశ్యాన్ని ఆ దశాబ్దపు నియంతలు కూడా బాగా ఇష్టపడ్డారు. పదిమంది కలిసి ఒళ్ళు వంచినంత మాత్రాన మంచే జరుగుతుందని ఎక్కడా రాసిలేదు.

ఎనిమిదో అవెన్యూ

యుద్ధం అయ్యాక జర్మనీ వెళ్ళిన పిలాటీస్ 1926లో అమెరికా ఓడెక్కాడు. ఆ ప్రయాణంలో పరిచయమైన క్లారా ఆయన జీవిత సహచరి అయింది. న్యూయార్క్‌లో 939, ఎయిత్ అవెన్యూలో ఇద్దరూ స్టూడియో పెట్టారు. చుట్టుపక్కల డ్యాన్సు స్కూళ్ళు. మడమ బెణికినవాళ్ళు, మోకాలు పోయినవాళ్ళు వచ్చేవారు. జార్జ్ బాలంషీన్, మార్తా గ్రాహం లాంటి మహామహులు తమ నర్తకుల్ని పంపారు. పిలాటీస్ పెద్ద గొంతు, చుట్ట, కోపం. క్లారా నెమ్మది. ఎవరి ఒంటికి ఏం కావాలో ఆమె చేతికి తెలిసేదని శిష్యులందరూ చెప్పిన మాట. ఎవరి వ్యాయామం వాళ్ళు చేసుకుంటూనే అందరూ ఒకే గదిలో ఉండేవారు. అంకెలకి వంగే డ్రిల్లు కాదిది, ఏకాంత కుటీరమూ కాదు. రెంటికీ మధ్య ఏదో.

ఈవ్ జెంట్రీ అనే నర్తకికి 1950ల్లో రొమ్ము క్యాన్సర్ శస్త్రచికిత్స జరిగింది. అప్పటి పద్ధతిలో ఛాతీ కండరాలు కూడా తీసేసేవారు, చెయ్యి పైకి లేవడం కష్టం. ఆ గదిలో సాధన చేసి మళ్ళీ చెయ్యెత్తి కదిలింది. క్యాథ్లీన్ స్టాన్‌ఫర్డ్ గ్రాంట్ నల్లజాతి నర్తకి. 1954లో మోకాలి గాయంతో వచ్చింది. అమెరికాలో నల్లవాళ్ళకి చాలా తలుపులు మూసి ఉన్న కాలం. 1967లో పిలాటీస్ స్వయంగా టీచర్లుగా ధ్రువీకరించింది ఇద్దరినే, ఆమెనీ లొలీటా సాన్ మిగెల్‌నీ. అదే ఏడాది అక్టోబరులో ఆయన చనిపోయాడు. తన పద్ధతి బళ్ళలో, ఆస్పత్రుల్లో అందరికీ చేరాలని కలగన్నాడు. అది తీరలేదన్న అసంతృప్తితోనే పోయాడు. వీలునామాలో వారసుడెవరో రాయలేదు. క్లారా మరో దాదాపు పదేళ్ళు ఆ గది తెరిచి ఉంచింది. ఆమె తర్వాత రొమానా క్రిజనోవ్‌స్కా, గ్రాంట్, జెంట్రీ, ఇంకొందరు తలా ఒకచోట చెప్పుకుంటూ పోయారు. అంటే పిలాటీస్ ఇవాళ బతికుందంటే ఒక పుస్తకం వల్లో, కంపెనీ వల్లో కాదు. దెబ్బలు తగిలి ఆ గదిలోకొచ్చిన కొద్దిమంది, ఎక్కువగా ఆడవాళ్ళు, ఒకరి ఒంటి మీద ఒకరు చెయ్యివేసి నేర్చుకున్నదాన్ని పదిలంగా దాచడం వల్ల.

తర్వాత ‘పిలాటీస్’ అనే పేరు మీద ఒకరు ట్రేడ్‌మార్కు తీసుకున్నారు. ఆ మాట వాడితే నోటీసులు వచ్చేవి. 2000 అక్టోబరులో న్యూయార్క్ ఫెడరల్ కోర్టు అది కుదరదంది. పిలాటీస్ అనేది ఒక వ్యాయామ పద్ధతి పేరు, దానికి యజమాని ఉండడని తేల్చింది. యోగాకీ ఇదే ముచ్చట. బిక్రమ్ చౌదరి తన 26 ఆసనాల వరుస మీద కాపీరైటు ఉందంటే 2015లో అమెరికా అప్పీళ్ళ కోర్టు ఒప్పుకోలేదు. కదలికకీ ఊపిరికీ హక్కుదారులుండరు. న్యాయంగానే ఉంది. కానీ ఆ పేరు అందరిదీ అయినరోజే అది అందరి దుకాణం కూడా అయింది.

గుంపు, సమూహం

యోగాకి సంబంధించి నాకు బాగా నచ్చే ఘట్టం లండన్‌లో ఉంది. 1969-70లో అక్కడి విద్యాశాఖ అయ్యంగార్ పద్ధతిని వయోజనుల సాయంకాలపు తరగతుల్లో చేర్చుకుంది. షరతు ఒకటే, ఆసనాలూ ప్రాణాయామమూ చెప్పండి, తత్త్వం జోలికి వెళ్ళకండి. మున్సిపల్ బడి హాలు, తక్కువ ఫీజు, పని ముగించుకుని వచ్చినవాళ్ళు. వచ్చినవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. బల్లలు పక్కకి జరిపి దుప్పట్లు పరుచుకునేవారు. మోక్షం గురించి ఒక్క ముక్క లేకుండా యోగా మిగిలిందా అని పండితులు అడగొచ్చు. వారానికో సాయంత్రం ఇంట్లోంచి బయటపడి, తన కోసం ఒక గంట దక్కించుకున్న గృహిణిని అడిగితే జవాబు వేరుగా ఉంటుంది.

అయితే సమూహాన్ని మరీ ఆకాశానికి ఎత్తలేం. మైసూరు యోగశాలలో అయ్యంగార్‌కి సహాధ్యాయి పట్టాభి జోయిస్, అష్టాంగ పద్ధతికి గురువు. ఆయన 2009లో పోయాడు. ఆసనం సరిచేసే వంకతో ఆయన తమని లైంగికంగా తాకాడని 2017 తర్వాత పలువురు శిష్యురాళ్ళు బయటికొచ్చి చెప్పారు. 2019లో ఆయన మనవడు బహిరంగంగా క్షమాపణ చెప్పాడు. ఏళ్ళ తరబడి చుట్టూ ఉన్నవాళ్ళలో చూసినవాళ్ళున్నారు, మాట్లాడినవాళ్ళు తక్కువ. బావగారి చేతిదెబ్బ నుంచి ఇక్కడిదాకా, గదిలో అందరూ గురువు వైపే చూస్తూ పక్కవాళ్ళ వైపు చూడకపోతే ఏమవుతుందో యోగా చరిత్రలోనే ఉంది. గురువుని నమ్మడమూ, పక్కమనిషిని పట్టించుకోవడమూ ఒకటి కావు. మనల్ని కాపాడేది రెండోదే.

ఇప్పుడు మన దగ్గరికొద్దాం. 2025 జూన్ 21న విశాఖ బీచ్‌రోడ్డు నుంచి భోగాపురం దాకా మూడు లక్షలమందికి పైగా యోగా చేశారని ప్రభుత్వ లెక్క. రికార్డుకి పనికొస్తుంది, చూడ్డానికి బాగుంటుంది. తప్పు పట్టాల్సింది లేదు. కానీ ఆ మర్నాడు వాళ్ళలో ఎంతమంది మళ్ళీ కలుసుకున్నారన్నది వేరే లెక్క. నగరంలో ఇంకోవైపు అద్దాల స్టూడియోలో రిఫార్మర్ యంత్రం మీద గంట గడపాలంటే చాలా కుటుంబాలకి అది నెలవారీ బడ్జెట్లో పట్టే ఖర్చు కాదు. యాప్‌లో స్లాట్ బుక్ చేసుకుని, హెడ్‌సెట్ పెట్టుకుని వచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళిపోయే వీలుంది.  బందీల కోసం పుట్టిందని కథలు చెప్పే వస్తువు, దాని పేరు చెప్పి అద్దెకి దొరుకుతోంది.

మూడు లక్షల గుంపుకీ, ఒంటరి స్లాటుకీ మధ్య ఇంకోటుంది. అపార్టుమెంటు సెల్లారులో, పార్కులో చెట్టుకింద, గుడి వెనక హాల్లో, పొద్దున్నే ఆరింటికి ఇరవైమంది. రిటైరైన బ్యాంకు ఉద్యోగి నేర్పుతుంటాడు. డబ్బు తీసుకోడు, తీసుకున్నా నామమాత్రం. ఒకామె మోకాళ్ళు వంగవు, ఆమెకి కుర్చీ వేస్తారు. పిల్లలు అమెరికాలో ఉన్న దంపతులు, రాత్రి షిఫ్టు చేసొచ్చిన కుర్రాడు, కొత్తగా కాపురానికొచ్చి ఊళ్ళో ఎవరూ తెలియని అమ్మాయి. శవాసనం అయ్యాక పావుగంట కబుర్లు, ఎవరింటి నుంచో ఫ్లాస్కులో టీ. ఇది ఏ చరిత్ర పుస్తకంలోకీ ఎక్కదు. కానీ వందేళ్ళ కథ మొత్తం ఇక్కడికే వచ్చి చేరింది.

ఫిషర్ వర్ణించిన ముళ్ళకంచె జబ్బు లక్షణాలు ఒకసారి మళ్ళీ గుర్తుచేసుకోండి. మనసు నిలవకపోవడం, చిరాకు, మతిమరుపు, చుట్టూ జనం ఉన్నా లోపల దిగులు. కోటిమంది ఉన్న నగరంలో, ఫోన్లో అయిదువందలమంది స్నేహితులతో బతికే మనకి ఇవేమీ కొత్త కాదు. స్వాత్మారాముడు వద్దన్న జనసంగం సంతలో కబుర్లలాంటిది, మనసుని చెదరగొట్టేది. ఆయన హెచ్చరిక ఇవాళ్టి ఫోనుకి అక్షరాలా వర్తిస్తుంది. ఆ ఇరవైమందిది అలాంటి సంగం కాదు. అక్కడ గంటసేపు ఎవరూ ఎవరితో మాట్లాడరు, ఎవరి ఊపిరి వాళ్ళదే. అయినా పక్కచాప ఖాళీగా ఉంటే తెలుస్తుంది.

అందుకే క్లాసు ఎంచుకోవాలనుకునేవాళ్ళు గురువుగారి సర్టిఫికెట్లు, యంత్రాల బ్రాండు చూసేముందు ఒక పని చేయండి. వారం వెళ్ళి, ఒక రోజు మానేయండి. మర్నాడు ఎవరైనా “నిన్న రాలేదేం?” అని అడిగితే, అక్కడే ఉండిపోండి.